ఒంటి గంట ఫిరంగి

గెంట్ నగరంలో పండగ ఊరేగింపు మలుపు తిరిగింది. వంద డోళ్లు ఒక్కసారిగా మోగాయి. రోడ్డు వార నిలబడ్డ జనం చెవులు మూసుకుని నవ్వారు. వాళ్ల మధ్య ఉన్న, నార్వే నుంచి వచ్చిన రిటైర్డ్ కస్టమ్స్ అధికారి పేడర్ ఆస్ట్రుప్ మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగి, అక్కడికక్కడే ప్రాణం వదిలాడు.

గుండెపోటు అన్నాడు మొదటి డాక్టరు. పోస్ట్‌మార్టం చేసిన రెండో డాక్టరు అతని మెడలోంచి ఆవగింజంత లోహపు గుండును బయటికి తీశాడు. దాని నిండా విషం.

"రిపోర్టు ఇప్పుడే వచ్చింది," అన్నాడు పై అధికారి క్రోన్, ఓస్లో నుంచి ఫోన్‌లో. "ఇద్దరు సాక్షుల్లో ఒకడు పోయాడు. రెండోవాడు నీ పక్క గదిలో ఉన్నాడు, రిండే."

ఎడిన్‌బరోలో ఒక చిన్న హోటలు గదిలో, మంచం అంచున కూర్చుని వింటోంది ఆస్లౌగ్ రిండే. యాభై రెండేళ్ల మనిషి. నెరిసిన జుట్టు, ఒళ్లో సగం అల్లిన చేతితొడుగు. ఆమెతో కలిసి బస్సులో తిరుగుతున్న వాళ్లందరి దృష్టిలో ఆమె టోపీల దుకాణం నడుపుకునే వితంతువు. నార్వే గూఢచారి శాఖలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఏజెంటు అని ఆ బస్సులో ఒక్కరికే తెలుసు. అతనే ఆ రెండో సాక్షి, ఐలర్ట్ నెస్సె.

"డోళ్ల చప్పుడులో తుపాకీ పేల్చారన్నమాట," అంది ఆస్లౌగ్.

"అవును. చప్పుడూ వినపడలేదు, చావు మీద అనుమానమూ రాలేదు. ఇవాళ మీ యాత్రకి ఆఖరి రోజు. వాళ్లకీ ఆఖరి అవకాశమే. రేపు మీరు ఓడ ఎక్కేస్తారు. సోమవారం అతను కోర్టులో ఉండాలి. కాబట్టి ఇవాళ ముసలాయన్ని గదిలో పెట్టి తాళం వెయ్యి."

"ఆయన ఒప్పుకోరు సార్."

"నేను అడగమనలేదు. తాళం వెయ్యమన్నాను."

పక్క గది తలుపు తట్టింది ఆస్లౌగ్.

నార్వే ఉత్తరపు కొసన వార్డో అనే చేపల రేవు ఉంది. డెబ్బై ఒక్కేళ్ల ఐలర్ట్ అక్కడ పడవ కెప్టెనుగా బతికినవాడు. పదేళ్ల కిందట ఒక చలికాలం ఉదయం, ఓస్లో నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నడి సముద్రంలో విదేశీ పడవ వాళ్లకు తోలు సంచీ అందించడం కళ్లారా చూశాడు. ఆస్ట్రుప్ అప్పుడు అతని పక్కనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి తరువాత రక్షణ శాఖలో చాలా ఎత్తుకు ఎదిగాడు. ఈ ఏడాది, పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, దేశ రహస్యాలు అమ్మాడని పట్టుబడ్డాడు. అతని వెనక ఉన్న విదేశీ ముఠా ఇంకా పట్టుబడలేదు.

ఐలర్ట్ అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నాడు. ఆస్ట్రుప్ సంగతి చెప్పగానే అతని చేతులు ఆగిపోయాయి.

"పేడర్ మంచివాడమ్మాయ్. పేకాటలో మోసం చేసేవాడు గానీ, మంచివాడు."

"కెప్టెన్, ఇవాళ మీరు గదిలోనే ఉండాలి. నేను తలుపు దగ్గర కాపలా ఉంటాను."

"ఉండను."

"వాళ్లు చంపడానికి వచ్చారు."

"రానీ." టై ముడి బిగించాడు. "నేను చేపలు పట్టేవాణ్ని అమ్మాయ్, చేపను కాదు. ఐసు పెట్టెలో వేసి మూత పెడతానంటే ఎట్లా? పదేళ్లు నోరు మూసుకున్నాను. దేశం కోసం అన్నారు, సరే అన్నాను. పడుకునే ముందు తలుపు గడియ రెండు మాట్లు చూసుకునేవాణ్ని. మా ఆవిడ బోర్గిల్ నవ్వేది, చేపల కంపు కొట్టే ఇంటికి ఏ దొంగ వస్తాడయ్యా అని. అది పోయాక కూడా చూసుకుంటూనే ఉన్నాను. ఇంక చాలు. తప్పు చేసింది వాళ్లు. దాక్కోవాల్సింది వాళ్లు. నేను ఈ ఊరి కోట చూడ్డానికి వచ్చాను, చూసే పోతాను."

ఆస్లౌగ్ అతని ముఖంలోకి చూసింది. ఆమె పుట్టింది కూడా ఆ తీరంలోనే. ఆ మొండితనం ఆమెకు కొత్త కాదు. అది సముద్రం నేర్పిన మొండితనం, ఫోన్‌లో వచ్చే ఆదేశాలకు లొంగేది కాదు. పైగా ఆలోచిస్తే అతని మాటలో న్యాయమూ ఉంది. గదిలో ఒంటరి మనిషిని చంపడానికి కాఫీ తెచ్చే ట్రే చాలు. బయట చుట్టూ ఇరవై మంది తన ఊరివాళ్లుంటారు.

తిరిగొచ్చి ఓస్లోకి ఫోన్ చేసింది.

"ఆయన్ని కోటకి తీసుకెళుతున్నాను సార్."

"ఇది నా ఆదేశం, రిండే."

"విన్నాను."

"పాటిస్తావా?"

"పాటించను సార్."

అటువైపు క్రోన్ నిట్టూర్చాడు. "సరే. ఎటూ వెళుతున్నావు కాబట్టి ఒక రహస్యం విను. ఆ ముఠాలో మన మనిషి ఒకతె ఉంది. వాళ్ల జీతం తీసుకుంటూ మనకి కబుర్లు పంపుతుంది. ఆర్నెల్లు కష్టపడి నేనే మనవైపు తిప్పుకున్నాను. ఇవాళ నిన్ను కలుస్తుంది. ఇక్కడ హెర్రింగ్ చేప దొరుకుతుందా అని అడుగుతుంది. ఉప్పు వేసినదే దొరుకుతుందని జవాబు చెప్పు. ఆమె చెప్పినట్టు చెయ్యి. కోట గేటు దగ్గర అక్కడి పోలీసు ఇన్‌స్పెక్టర్ మక్రే మనుషులు ఇద్దరు మఫ్టీలో ఉంటారు. నీ కళ్లద్దాల పెట్టెలో ఉన్న ట్రాన్స్‌మిటర్ వాళ్లకే కనెక్ట్ అయి ఉంది."

బస్సు దగ్గర గుడ్నీ అప్పుడే తలలు లెక్కపెడుతోంది. వార్డో మహిళా సంఘం అధ్యక్షురాలు, ఈ యాత్రకు నాయకురాలు. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఏమర్రా, ఆఖరి రోజని ఆవలిస్తూ కూర్చుంటే ఊరుకోను! ఐలర్ట్! టై కట్టావేంటి, పెళ్లిచూపులా?"

"నువ్వు ఒప్పుకుంటే పెళ్లే," అన్నాడు ఐలర్ట్.

బస్సంతా గొల్లుమంది. గుడ్నీ ఎర్రబడి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

కోటకు పట్టణం గైడు కావాలి. ఆ గైడు గేటు దగ్గర ఎదురుచూస్తోంది. ఆకుపచ్చ కోటు, రాగిరంగు జుట్టు, నడుస్తుంటే మగవాళ్ల మాటలు మధ్యలో ఆగిపోయేంత అందం. పేరు వివియన్ లోరిమర్. తల్లిది నార్వే కావడంతో వాళ్ల భాష చక్కగా మాట్లాడుతోంది. గుంపు మెట్లెక్కుతుండగా ఆస్లౌగ్ పక్కకు వచ్చింది.

"ఈ ఊళ్లో హెర్రింగ్ చేప దొరుకుతుందంటారా మేడమ్?"

"దొరుకుతుంది. ఉప్పు వేసినదే."

వివియన్ పెదవి కొసన నవ్వింది. "జాగ్రత్తగా ఉండండి. కబురు అందగానే చెబుతాను."

కోట మీద గాలి కోటులన్నిటినీ ఊపేస్తోంది. కిరీటం ఉన్న గదిలో గుడ్నీ అద్దం మీద ముక్కు ఆనించి, "దీన్ని పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోతే అంచున ఉన్న ఈ బొచ్చంతా అంటుకుంటుంది," అని తేల్చేసింది. సైనికుల కుక్కల్ని పాతిపెట్టిన చిన్న తోట దగ్గర ఐలర్ట్ ఆగి టోపీ తీశాడు. మిగతావాళ్లు ముందుకు సాగినా అతను కదల్లేదు. ఆస్లౌగ్ అతని వెనకే నిలబడి అటూ ఇటూ కిటికీల్ని, గోడల్ని, కెమెరాల్ని, గొడుగుల్ని గమనిస్తూ ఉంది.

"నీకు భయమేస్తోందా అమ్మాయ్?" అడిగాడు తల తిప్పకుండానే.

"వేస్తోంది కెప్టెన్."

"నాకూ వేస్తోంది. అయినా బావుంది. పదేళ్ల తరవాత ఇంటి బయట ఒళ్లు విరుచుకుని నిలబడ్డట్టుంది."

ఆ కోట మీద ఆదివారం తప్ప ప్రతి రోజూ సరిగ్గా ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు. ఆ చప్పుడుకి కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు, ఊరివాళ్లు గడియారం సరిచేసుకుంటారు. ఆ వేళకు జనమంతా ఫిరంగి ఉన్న అరుగు మీద చేరుతారు. ఇవాళ శనివారం. డోళ్ల మాట విన్నప్పటినుంచీ ఆస్లౌగ్ మనసు ఆ ఫిరంగి చుట్టూనే తిరుగుతోంది.

ఇంకో పది నిమిషాలుందనగా వివియన్ గబగబా వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"కబురొచ్చింది. షూటర్ పై గోడ మీద ఉన్నాడు, పాత ప్రార్థనా మందిరం పక్కన. ఫిరంగి చప్పుడులోనే కాలుస్తాడు. మీరు వెళ్లి ఆపండి. ముసలాయన్ని నేను ఆ రాతి కమాను కింద నిలబెడతాను. అక్కడ తూటా తగలదు."

"మక్రే మనుషుల్ని పిలుస్తాను."

"గేటు నుంచి రావడానికి వాళ్లకి టైమెక్కడుంది?"

నిజమే. ఆస్లౌగ్ ఒక్క క్షణం తటపటాయించింది. క్రోన్ హామీ ఉంది. కోడ్ సరిపోయింది. నిజంగా పైన తుపాకీ ఉంటే దాన్ని ఆపగలిగిన దూరంలో ఉన్నది తనొక్కతే. మెట్ల వైపు పరుగు తీసింది.

పైన షూటర్ లేడు. టోపీలు ఎగిరిపోకుండా పట్టుకుని ముద్దు పెట్టుకుంటున్న కొత్త జంట ఒకటి ఉంది, అంతే. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఈ గాలిలో ఇంత ఎత్తు నుంచి ఆవగింజంత గుండు పేల్చి మనిషిని కొట్టడం ఎవడి తరమూ కాదు. ఆ సంగతి అర్థమవగానే ఆమె గోడ మీదికి వంగి, సంచిలోంచి చిన్న దుర్భిణి తీసి కిందికి చూసింది.

కమాను కింద ఎవరూ లేరు. ఫిరంగికి కాస్త ఎడంగా, రాతి గోడ ముందు, వార్డో వాళ్లంతా గ్రూప్ ఫోటోకి వరసలు కట్టి నిలబడ్డారు. ముందు వరస మధ్యలో కుర్చీ. కుర్చీలో ఐలర్ట్. వాళ్లకెదురుగా మూడు కాళ్ల స్టాండు మీద పాతకాలపు చెక్క కెమెరా, దాని వెనక నల్ల గుడ్డలో తల దూర్చిన ఫోటోగ్రాఫర్. ఫిరంగి పేలిన క్షణంలో ఫోటో తీస్తానని చెప్పి ఉంటాడు. ఉలిక్కిపడ్డ ముఖాలు తమాషాగా వస్తాయని అందరూ ఒప్పుకుని ఉంటారు. వరస అంత వెడల్పుగా ఉంటే కెమెరా మూతి మాత్రం కిందికి వంగి సూటిగా కుర్చీనే చూస్తోంది. వివియన్ వాళ్లందరికీ దూరంగా జరిగి, ఒంటరిగా, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

ఫిరంగి పేలుతుంది. డెబ్బై ఏళ్లు దాటిన ముసలివాడు కుర్చీలో తల వాల్చేస్తాడు. పాపం, చప్పుడుకి గుండె ఆగిందంటారు. పోస్ట్‌మార్టం అయినా ఎవరూ అడగరు.

ట్రాన్స్‌మిటర్ నొక్కింది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. దాన్ని విసిరేసి మెట్ల మీదికి దూకింది.

ఆ మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. స్కూలు పిల్లల గుంపొకటి ఎదురొచ్చింది. వాళ్లను తోసుకుంటూ, ఒక టీచరు చేత తిట్లు తింటూ కిందికి వచ్చింది. అరుగు మీద జనం గోడలా నిలబడి ఉన్నారు. వాళ్ల తలల మీదుగా ఫిరంగి దగ్గర సైనికుడు గడియారం చూసుకుంటూ చెయ్యి ఎత్తడం కనిపించింది. ఫోటోగ్రాఫర్ చేతిలో కెమెరా నొక్కే రబ్బరు బుడ్డి ఉంది. తను చేరుకునే వీలు లేదు. ఐలర్ట్ పేరు పెట్టి పిలిస్తే అతను ఎవరా అని తల పైకెత్తి చూస్తాడు. చావడానికి అది చాలు.

అప్పుడు ఆమె నోట్లోంచి తన తండ్రి పడవ మీద చిన్నప్పుడు విన్న కేక వచ్చింది.

"తలా!"

ఉత్తర తీరంలో ప్రతి పడవ మీదా ఉన్న కేక అది. ఇనుప తాడు తెగినా, బరువెత్తే దూలం అదుపు తప్పి తిరిగినా, తల దించమని చూసినవాడు ఆ ఒక్క మాట అరుస్తాడు. ఎవరు అరిచారు, ఎందుకు అరిచారు అని అక్కడ ఎవరూ అడగరు. అడిగినవాళ్లు వార్డో శ్మశానంలో ఉన్నారు.

వార్డో వాళ్లు అడగలేదు. ఇరవై రెండు మంది ఒక్క మనిషిలా నేలకు కుంగిపోయారు. ఐలర్ట్ కుర్చీలోంచి జారి అరచేతుల మీద పడ్డాడు.

ఫిరంగి పేలింది.

కోటంతా అదిరింది. పావురాలు లేచాయి. జనం కెవ్వుమని, వెంటనే నవ్వారు. ఐలర్ట్ తల ఉన్న చోటికి సరిగ్గా వెనక, రాతి గోడ మీద, చిన్న తెల్లటి గాటు పడింది.

"ఆ కెమెరావాణ్ని పట్టుకోండి!" అరిచింది ఆస్లౌగ్ జనాన్ని చీల్చుకుంటూ.

ఫోటోగ్రాఫర్ గుడ్డ విసిరేసి పరుగెత్తబోయాడు. రెండడుగులు వేశాడో లేదో, గుడ్నీ తన చేతిసంచీని గిరగిరా తిప్పి అతని చెవి మీద ఇచ్చింది. అందులో నిండు కాఫీ ఫ్లాస్కు ఉంది. అతను బోర్లా పడ్డాడు. గుడ్నీ ఆలోచించకుండా అతని నడుం మీద కూర్చుంది. మహిళా సంఘం కోశాధికారి వచ్చి కాళ్ల మీద కూర్చుంది.

"ఎవడే వీడు?" అంది గుడ్నీ ఆయాసపడుతూ.

"ఐలర్ట్‌ని చంపడానికి వచ్చాడు," అంది ఆస్లౌగ్.

"మన ఐలర్ట్‌నా?" గుడ్నీ ఇంకొంచెం బరువుగా సర్దుకుని కూర్చుంది. కింద మనిషి మూలిగాడు.

వివియన్ అప్పటికే గేటు వైపు నడుస్తోంది, తొందర లేకుండా, ఇంటికి పోతున్నట్టు. ఆస్లౌగ్ అడ్డం వెళ్లి నిలబడింది.

"కమాను కింద నిలబెడతానన్నావు."

"మనసు మార్చుకున్నాను." వివియన్ జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీస్తే ఎర్ర రంగు లేదు, నల్లటి చిన్న రంధ్రం ఉంది. "జరుగు. ఇందులో ఒక్క తూటానే ఉంది, దాన్ని నీ మీద వృథా చెయ్యాలని లేదు."

"క్రోన్ నిన్ను నమ్మాడు."

"క్రోన్ తన తెలివిని నమ్మాడు. అలాంటి వాళ్లతో పని తేలిక. జరుగు, అల్లికలావిడా."

ఆస్లౌగ్ జరగలేదు. వెనక బూట్ల చప్పుడు వినిపించింది. తల తిప్పకుండానే ఎవరో తెలిసింది. ఐలర్ట్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అరచేతులు గీసుకుపోయి నెత్తురు వస్తోంది. అతని వెనక వార్డో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఉన్ని టోపీలు, చేతికర్రలు, మెడల్లో కెమెరాలు. దారి మొత్తం నిండిపోయింది.

"ఒక్క తూటానా?" అన్నాడు ఐలర్ట్. "మరి నన్నే కాల్చు. నాకోసమేగా ఇంత దూరం వచ్చావ్."

"వెనక్కి పో ముసలాయనా."

"పోను. పదేళ్లు వెనక్కి పోయీ పోయీ వీపు గోడకి తగిలింది." ఒక అడుగు ముందుకు వేశాడు. "కాల్చమ్మా. కానీ ఫిరంగి అయిపోయింది. ఇప్పుడు పేలిస్తే అందరికీ వినపడుతుంది. ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో రేపు ప్రతి పేపర్లోనూ వస్తుంది. మీకు కావాల్సింది చప్పుడు లేని చావు కదూ? ఆ చావు నేను చావను."

ఇంకో అడుగు వేశాడు. ఆస్లౌగ్ కూడా వేసింది. వెనక ఇరవై జతల బూట్లు కదిలాయి.

వివియన్ కళ్లు ఒక్కొక్క ముఖం మీదా ఆగుతూ పోయాయి. భయపడ్డ ముఖం కోసం వెతికింది. భయపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. పక్కకు జరిగినవాళ్లే లేరు. లిప్‌స్టిక్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆస్లౌగ్ దాన్ని తీసుకుని, మూత పెట్టి, తన అల్లిక సంచిలో వేసుకుంది.

మక్రే మనుషులు ఇద్దరూ అప్పటికి వచ్చారు. వివియన్‌ని తీసుకెళ్లడం తేలికగానే అయింది. గుడ్నీని ఫోటోగ్రాఫర్ మీంచి లేపడానికే ఎక్కువసేపు పట్టింది.

అర్ధగంట తరువాత కోట కాపలా ఆఫీసులో ఫోన్ మోగింది. ఆస్లౌగ్ కోసమే.

"మక్రే అంతా చెప్పాడు." క్రోన్ గొంతు పీలగా ఉంది. "వివియన్ విషయంలో నేను... సరే. దాని గురించి తరవాత మాట్లాడదాం. నువ్వు ఆదేశాన్ని ధిక్కరించిన సంగతి కూడా."

"తప్పకుండా మాట్లాడదాం సార్. ఆవిడ చెప్పినట్టు చెయ్యమన్న ఆదేశంతో మొదలుపెడదాం."

దగ్గు వినిపించింది. "నెస్సె ఎలా ఉన్నాడు?"

"చేతులకి కట్టు కట్టారు. సోమవారం కోర్టుకి వస్తారు. ఓస్లోలో కూడా గదిలో పెట్టి తాళం వెయ్యనంటేనే వస్తారట."

"ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మాత్రం వెంటనే హోటల్‌కి తీసుకెళ్లు."

ఆస్లౌగ్ కిటికీలోంచి బయటికి చూసింది. ఐలర్ట్ ఒక రాతి దిమ్మ ఎక్కి నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ, ఈ కోట కట్టించింది వార్డో రాజేననీ, అప్పట్లో ఇందులో ఎండుచేపలు నిలవ చేసేవాళ్లనీ గొంతెత్తి చెబుతున్నాడు. గుడ్నీ చెయ్యి చూపుతూ అందర్నీ నిశ్శబ్దంగా ఉండమంటోంది. భాష ఒక్క ముక్క తెలియని పరాయి యాత్రికులు పదిమంది కూడా చేరి శ్రద్ధగా ఫోటోలు తీసుకుంటున్నారు.

"ఇప్పుడు కుదరదు సార్," అంది ఆస్లౌగ్. "మీ గైడుని అరెస్టు చేశాం కదా. కొత్త గైడు ఇప్పుడే చరిత్ర మొదలుపెట్టారు."